పక్కకి పిలిచి అడిగే మాట

మార్లో, కౌంటీ కచేరీ
1935 ఫిబ్రవరి 18

అక్కయ్యకి,

శుక్రవారం మీ ఆయన మా కచేరీకి వచ్చాడు. వెంట కలప కంపెనీ మనిషి విటేకర్. నన్ను చూసి టోపీ తీసి, బాగున్నావా అన్నాడు. తర్వాత గదిలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా, స్పైస్ కోవ్‌లో భూమి మొత్తం కంపెనీకి అమ్మేస్తున్నామనీ, లింకు దస్తావేజులు వెతికి పెట్టాలనీ చెప్పాడు. "కొండ మీద ఇంకేముంది వెర్డీ, రాళ్లూ, చచ్చిన చెస్ట్‌నట్ మొద్దులూ" అని పెద్దగా నవ్వాడు కూడా. గాస్టోనియా పట్నంలో బట్టల మిల్లులో పని దొరుకుతుందట. ఇంటికి కరెంటు దీపం, వంటింట్లో కుళాయి ఉంటాయట.

ఆ భూమి నీ పేరు మీద ఉంది. నాన్న నీకు ప్రేమతో రాసిచ్చిన కాగితం ఇక్కడే బీరువాలో ఉంది. నాకు టైపు చదువు చెప్పించి, నీకు కొండ ఇచ్చాడు. అలాంటిది, ఆ కొండ అమ్ముడుపోతోందన్న కబురు నాకు విటేకర్ నోటి నుంచి తెలియాలా? క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నీ చేతి బీన్సూ మొక్కజొన్న రొట్టే తిని, రెండు రోజులు నీ పక్కలో పడుకున్నాను. ఒక్క ముక్క చెప్పలేదు.

వెతికే పని నాకే అప్పగించారు. మా రిజిస్ట్రారు గారికి కళ్లు సరిగా ఆనడం లేదు, పాత చేతిరాతలు చదివేది నేనే. చదువుతాను. వెంటనే జవాబు రాయి.

నీ వెర్డీ

*

స్పైస్ కోవ్
ఫిబ్రవరి 25

చెల్లికి,

నీ ఉత్తరం పోస్టు బండి వాడు మంచు వల్ల నాలుగు రోజులు ఆలస్యంగా తెచ్చాడు. మేం బాగానే ఉన్నాం. రెండు కోళ్లని నక్క ఎత్తుకుపోయింది. ఎండబెట్టిన చిక్కుళ్ల దండలు ఇంకా ఆరు ఉన్నాయి, అవి అయ్యేలోపు చలి తగ్గుతుందిలే.

అమ్మకం సంగతి నిజమే. క్రిస్మస్‌కి ఇంకా ఏమీ అనుకోలేదు, తర్వాత నీకు రాద్దామనే అనుకున్నాను. నువ్వు అలా ఉత్సాహంగా పాత పాటలు పాడుకుంటూ ఇల్లంతా తిరగడం గుర్తొచ్చి చెయ్యి రాలేదు. పనేదో తొందరగా కానిచ్చి కాగితాలు సిద్ధం చెయ్యి. ఏప్రిల్ దాటితే మిల్లులో చోటు ఉండదట.

"మీ ఆయన, మీ ఆయన" అని రాశావు. పెళ్లయి పంతొమ్మిదేళ్లయినా నీకు ఆయన్ని బావ అనడానికి నోరు తిరగలేదు.

నీళ్లు తేవాలి. చీకటి పడితే దారి జారుతుంది. ఉంటాను.

అక్క

*

మార్లో
మార్చి 4

అక్కయ్యకి,

నీ ఉత్తరంలో నక్క గురించి ఉంది, చిక్కుళ్ల గురించి ఉంది. అమ్మడం నీకు ఇష్టమా కాదా అన్నది మాత్రం లేదు. నేను అడిగింది అదొక్కటే.

లింకు దాదాపు పూర్తయింది. తాతయ్య దగ్గర నుంచి నాన్నకి, నాన్న నుంచి నీకు. హద్దుల చెక్కుబందీ చదువుతుంటే కొండంతా కళ్ల ముందు కనిపించింది. తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, వాగు వెంట ఎక్కి, ఎలుగుబంటి దొర్లే గుంట దాకా. ఆ గుంటలో మనిద్దరం బురద పూసుకుని ఇంటికి వెళ్తే అమ్మ చీపురు తిరగేసింది, జ్ఞాపకముందా?

వెతుకుతుంటే ఇంకొకటి కనిపించింది. నాన్న వాగు పక్క పొలం అమ్మిన దస్తావేజు. నీకు ఇక్కడి పద్ధతి తెలుసో లేదో. భర్త భూమి అమ్మినా, భార్య భూమి అమ్మినా, భార్యని భర్త లేని చోటికి, పక్కకి పిలిచి విడిగా అడగాలి. "నీ భర్త బలవంతం గానీ, భయం గానీ, మరెవరి ఒత్తిడి గానీ లేకుండా, నీ ఇష్టంతోనే ఒప్పుకుంటున్నావా?" అని. ఆమె ఔనంటేనే అధికారి అలా అని రాసి సంతకం పెడతాడు. అది లేకపోతే దస్తావేజు చెల్లదు. ఆడదాన్ని ఏమీ అడగని ఈ లోకంలో చట్టం అడిగే ఒకే ఒక్క మాట అది.

అమ్మని అడిగినట్టు హూపర్ రాశాడు. ఆ రోజుల్లో ఈ పని చేసిన మేజిస్ట్రేటు. "ఈ రోజు మార్లోలో నా ఎదుట హాజరై, విడిగా విచారించగా, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నది." తేదీ చూశాను. మళ్లీ చూశాను. 1909 ఫిబ్రవరి 11. అక్కా, అది నేను పుట్టిన రోజు. ఆ రోజు మంచులో మంత్రసానే సాయంత్రందాకా మన ఇంటికి రాలేకపోయిందని అమ్మ వెయ్యిసార్లు చెప్పేది. అలాంటిది అమ్మ మార్లో ఎలా వచ్చింది?

ఎన్‌స్లీ గారికి చూపించాను. కోర్టు గుమాస్తా ఆయనే, ఇప్పుడు ఆడవాళ్లని అడిగే పని ఆయనది. కళ్లజోడు పైకి తోసి చూసి, "మూసిన కుండ, అమ్మాయ్. మూత తియ్యకు" అన్నాడు.

నిన్ను కూడా అడుగుతారు. అడిగినప్పుడు ఇష్టం లేదని చెప్పు. ఆ ఒక్క మాటతో అమ్మకం ఆగిపోతుంది. మీ ఆయన ఏమీ చెయ్యలేడు.

వెర్డీ

*

స్పైస్ కోవ్
మార్చి 12

వెర్డీకి,

అమ్మ మార్లో రాలేదు. హూపరే వచ్చాడు. నువ్వు తెల్లవారుజామున పుట్టావు, మంత్రసాని సాయంత్రానికి గానీ రాలేదు, బొడ్డు కోసింది నాన్నే. నాకు అప్పుడు పన్నెండేళ్లు. మధ్యాహ్నం హూపర్ గుర్రం దిగి, పొయ్యి దగ్గర కూర్చుని బూట్లు ఆరబెట్టుకుంటూ కాఫీ తాగాడు. లోపలికి రాలేదు. నాన్న కాగితం తీసుకెళ్లి మంచం మీద పెడితే, అమ్మ ఒక చేత్తో నిన్ను పట్టుకుని రెండో చేత్తో పేరు రాసింది. "ఏ పొలం?" అని అడిగింది. నాన్న కాగితం తీసుకుని సిరా ఆరేలా ఊదాడు. హూపర్ కాఫీ బాగుందన్నాడు.

ఇదంతా నాకు తెలుసు. కొండ మీద ఉన్నవాళ్లందరికీ తెలుసు. అడిగినట్టు రాసుకుంటారు, అడగరు. నువ్వు పుస్తకాల్లో చదివి ఇప్పుడు కనిపెట్టావు.

ఇక నీ సలహా సంగతి. ఇష్టం లేదని చెప్పి తర్వాత ఏం చెయ్యాలి? నువ్వు సాయంత్రం కచేరీ తలుపు వేసుకుని మిసెస్ టిడ్వెల్ వాళ్ల పూటకూళ్లింటికి వెళ్లి వేడి సూపు తాగుతావు. నేను అదే బండిలో, అదే మనిషి పక్కన కూర్చుని, పధ్నాలుగు మైళ్లు కొండ ఎక్కాలి. మొగుడు లేనిదానివి, నీకేం తెలుసు?

ఇంకొక మాట. కోపం రాకుండా చదువు. నీకు ఆ కొండ కావాలి. కానీ అక్కడ ఉండడానికి కాదు, ఏడాదికి రెండుసార్లు వచ్చి పాటలు పాడుకోవడానికి. మిగతా మూడు వందల అరవై మూడు రోజులు దాన్ని ఎవరో ఒకరు కాపలా కాస్తూ ఉండాలి. ఆ కాపలా మనిషిని నేను. ఒడ్డున కూర్చుని నువ్వు ఈత నేర్పుతావు.

అక్క

*

మార్లో
మార్చి 16

అక్కయ్యకి,

నీ ఉత్తరం చదివి రాత్రి భోజనం ముట్టలేదు. నువ్వన్నది నిజం కాకపోతే ఇంత మండేది కాదు. ఔను, నాకు ఆ కొండ కావాలి. నేను ఎక్కడున్నా నా వెనకాల అది ఉందన్న ధైర్యం కావాలి. తప్పా?

అయినా నువ్వు మాట తప్పించావు. "అదే మనిషి పక్కన కూర్చుని కొండ ఎక్కాలి" అని రాశావు. అంటే భయమన్నమాట. నాకు ఇంకేం రుజువు కావాలి? కౌంటరు ముందు నిలబడి ఆ నవ్వు నవ్విన మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో నాకు తెలియదనుకోకు. ఇక్కడ రోజూ చూస్తుంటాను. మొగుడు ముందు, పెళ్లాం వెనక. సంతకం పెట్టమంటే ఎక్కడ అని అడుగుతుంది, ఎందుకు అని అడగదు.

ఎన్‌స్లీ గారితో పోట్లాడాను. అమ్మ తేదీని మూడుసార్లు ఆయన ముందు పెట్టాను. మూడోసారి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తను కూడా ఎంతోమందిని మొగుడు గుమ్మంలో నిలబడి ఉండగానే అడిగేశానని ఒప్పుకున్నాడు. నిన్ను మాత్రం లోపలి గదిలో తలుపేసి, మొదటి నుంచి చివరిదాకా అడుగుతానని మాట ఇచ్చాడు. మీ ఆయన మెట్ల కిందికి వెళ్లాల్సిందే.

ఈ నెల ఇరవై ఎనిమిది, గురువారం మీరు రావాలి. విటేకర్ ఆ రోజు ఊళ్లో ఉండడు. మీరు బయానా కూడా తీసుకోలేదని చెప్పాడు. మీరు సంతకాలు పెట్టి వెళ్తే కాగితం నా బల్లలో ఉంటుంది. వచ్చే నెల ఎనిమిదో తేదీన విటేకర్ చెక్కు తెచ్చాకే పుస్తకంలోకి ఎక్కుతుంది.

నేను నోరు మూసుకుని కౌంటరు దగ్గరే ఉంటాను. నువ్వు మాత్రం ఒక్కసారి, అమ్మ కోసమైనా, నిజం చెప్పు.

వెర్డీ

*

మార్లో
మార్చి 29

అక్కయ్యకి,

ఏం జరిగింది? నాకెవరూ చెప్పడం లేదు.

నేను చూసినంతవరకు రాస్తాను. నువ్వు అమ్మ నల్ల కోటు వేసుకుని వచ్చావు. కొంచెం కుంటుతున్నట్టు అనిపించింది, బండి ప్రయాణం వల్లేమో అనుకున్నాను. మీ ఆయన సంతకం చేశాడు, నువ్వు చేశావు. ఎన్‌స్లీ గారు ఆయన్ని బయటికి వెళ్లమని, నిన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపేశాడు. నేను అదే పేజీలో అదే వాక్యాన్ని నాలుగుసార్లు టైపు చేశాను. లోపల నుంచి ఒకసారి నీ నవ్వు వినిపించింది. నీకు నవ్వు ఎలా వచ్చింది?

తలుపు తెరిచి ఎన్‌స్లీ గారు కాగితం నా చేతిలో పెట్టాడు. "విడిగా విచారించగా ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నది" అని ఉంది. కింద ఆయన సంతకం ఇంకా ఆరలేదు. నా మొహం చూసి, "రెండుసార్లు అడిగాను, అమ్మాయ్. ఒట్టు" అన్నాడు.

నువ్వు నా వైపు చూడకుండా బయటికి వెళ్లావు. కిటికీలోంచి చూశాను. మీ ఆయన చెయ్యి పట్టుకుని గుర్రాల నీళ్ల తొట్టి దాకా తీసుకెళ్లి, అటూ ఇటూ ఎవరూ లేరని చూసి ఏదో అడిగావు. అతను టోపీ తీశాడు. చాలాసేపు దాన్ని చేతుల్లో తిప్పాడు. తర్వాత తొట్టి గట్టు మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. నువ్వు అతని ముందే నిలబడ్డావు. కాసేపటికి బండెక్కి వెళ్లిపోయారు. వెళ్లొస్తానని కూడా అనలేదు.

కాగితం నా బల్ల సొరుగులో ఉంది. గంటకోసారి తీసి చూస్తున్నాను. దాన్ని పుస్తకంలోకి ఎక్కించాల్సింది నేనే. నాన్న కొండని నా చేత్తోనే కంపెనీ పేరు మీద టైపు చెయ్యాలి.

అతను నిన్ను బెదిరించాడా? బెదిరించి ఉంటే ఒక్క ముక్క రాయి చాలు. దేవుడి మీద ఒట్టు, ఎన్‌స్లీ గారినే లాక్కుని కొండ ఎక్కుతాను.

వెర్డీ

*

స్పైస్ కోవ్
ఏప్రిల్ 2

వెర్డీ తల్లీ,

కూర్చుని చదువు. కంగారు పడకు.

ముందు నీ దగ్గర దాచింది చెబుతాను. జనవరిలో ఊట దగ్గర మంచు మీద కాలు జారి పడ్డాను. రెండు బకెట్లూ నా మీద ఒలికిపోయాయి. తుంటి కదలలేదు. ఆయన ఎగువ గట్టున కర్ర కొడుతున్నాడు, ఎంత కేకేసినా వినపడలేదు. బట్టలు ఒంటి మీదే గడ్డకట్టాయి. పాకుతూ పాకుతూ ఇంటికి చేరాను. ఆయన వచ్చేసరికి పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాను, నడుం పట్టిందని చెప్పాను. నీకూ చెప్పలేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పను, చెప్పలేదు అంతే. మన అమ్మ కూతుర్నే కదా.

ఆ రాత్రే ఆయనతో, ఈ కొండ మీద ఇక ఉండలేను, దీపాలున్న చోటికి పోదాం అన్నాను. వెర్డీ, అమ్ముదామన్నది నేను. ఆయన కాదు. మర్నాటి నుంచి ఆయన తనకే ఆ ఆలోచన వచ్చినట్టు ఊరంతా చెప్పుకోవడం మొదలెట్టాడు. పెళ్లాం మాట మీద ఇల్లు అమ్ముకుంటున్నాడని ఎవరైనా అంటే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? కౌంటరు ముందు నువ్వు విన్న నవ్వు అదే. ఆ నవ్వు చూసి నువ్వు ఆయన్ని రాక్షసుణ్ణి చేశావు. నేను కాదనలేదు. కాదంటే నా సంగతి బయటపడుతుంది.

లోపలి గదిలో ఎన్‌స్లీ గారు కుర్చీ వేశాడు. నీళ్లు కావాలా అన్నాడు. తర్వాత, చదువుకున్న పిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో మాటా విడివిడిగా అడిగాడు. నీ భర్త బలవంతం గానీ, భయం గానీ, మరెవరి ఒత్తిడి గానీ. ఆ చివరి మాటకి నువ్వు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నా మీద ఎవరి ఒత్తిడైనా ఉందంటే అది నీదే, తల్లీ. ఇష్టంతోనే ఒప్పుకుంటున్నానని చెప్పాను. ఆయన నమ్మలేదు. కాదనమ్మా, కాదను అన్నట్టు మొహం పెట్టి రెండోసారి అడిగాడు. మళ్లీ అదే చెప్పాను.

ఎన్‌స్లీ గారు సంతకం చేస్తుంటే అడిగాను, మా ఆయన్ని ఎప్పుడు పిలుస్తారని. "మగవాళ్లని అడగమని చట్టంలో లేదమ్మా" అన్నాడు. ఆ గది కిటికీలోంచి మా ఆయన కనిపిస్తున్నాడు. మెట్ల కింద మన కంచర గాడిద మెడ నిమురుతూ దానితో ఏదో మాట్లాడుతున్నాడు. భూమి నాది. కాగితం మీద ఎప్పుడూ నాదే. కానీ పంతొమ్మిదేళ్లు ఆ రాళ్లు ఏరింది ఆయన. ఏ రాయి ఏ గట్టులో ఉందో ఆయనకి తెలుసు. అమ్మని ఏ పొలమో కూడా ఎవరూ చెప్పకుండా సంతకం పెట్టించారని నువ్వు అంత మండిపడ్డావు కదా. నాకు ఆ క్షణాన హూపర్ కాఫీ తాగుతూ కనిపించాడు, హూపర్ మొహం మాత్రం నాది.

అందుకే తొట్టి దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్‌స్లీ గారు అడిగిన మాటలే అడిగాను. "నీ భార్య బలవంతం గానీ, భయం గానీ లేకుండా, నీ ఇష్టంతోనే సంతకం పెట్టావా?"

ఆయన టోపీ తిప్పుతూనే ఉన్నాడు. తర్వాత అన్నాడు, "లేదు. రెండూ ఉన్నాయి. నేను వద్దంటే నువ్వొక్కదానివే వెళ్లిపోతావని భయం." అని కూలబడ్డాడు. ఆయన ఏడవడం వాళ్లమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

"ఎందుకు పోదామన్నావు?" అని ఆయన నన్ను అడిగింది దారిలో, సగం కొండ ఎక్కాక. అప్పుడు చెప్పాను, మంచు సంగతీ, తుంటి సంగతీ. మర్నాడు లేచేసరికి పక్క మీద లేడు. ఎగువన, ఎలుగుబంటి గుంట పక్కన ఒక ఊట ఉంది కదా. దాని నీళ్లు ఎప్పటి నుంచో కర్ర దోనెల మీద కొట్టం దాకా తెచ్చి గాడిదకి పెడుతున్నాడు. గాడిదకి పై ఊట, నాకు కింది ఊట. పంతొమ్మిదేళ్లలో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు, ఆ దోనె ఇంకో అరవై అడుగులు వంటింటి దాకా సాగొచ్చని. నేను అడగలేదు, ఆయన చూడలేదు. ఇప్పుడు కొత్త దోనెల కోసం పాప్లర్ దుంగలు తొలుస్తున్నాడు. చేతులు పుళ్లయ్యాయి, ఆగమంటే ఆగడం లేదు.

దీనితో అంతా బాగైపోయిందని రాయను. నాకు ఇప్పటికీ ఆ దీపాలు చూడాలని ఉంది. తుంటి ఇప్పటికీ రాత్రిళ్లు లాగుతుంది. వచ్చే చలికాలానికి మళ్లీ నేనే బండి కట్టమనొచ్చు. కానీ ఆ కాగితం మీద ఉన్న రెండు సంతకాల్లో ఒకటే నిజం. అందుకని ఎనిమిదో తేదీ లోపు దాన్ని నాకు పంపెయ్యి. విటేకర్‌కి ఏం చెబుతావో చెప్పు, అబద్ధం మాత్రం వద్దు.

నువ్వు మాత్రం ఒకటి చెయ్యాలి. ఏమిటో నీకు తెలుసు, నేను చెప్పి చేయిస్తే అది ఒత్తిడి అవుతుంది.

అక్క

*

మార్లో
ఏప్రిల్ 5

బావకి,

ఈ ఉత్తరం అక్క చేతికి ఇవ్వకండి. అన్నీ పెద్దక్షరాల్లో, మాటల మధ్య ఎడం వదిలి టైపు చేశాను, మీరే కూడబలుక్కుని చదవండి. తొందరేం లేదు.

దస్తావేజు ఇందులోనే ఉంది. చింపడం, దాచడం మీ ఇద్దరి ఇష్టం, నేను చెయ్యి పెట్టను. అమ్మేవాళ్లలో ఒకరికి ఇష్టం లేదని విటేకర్‌కి చెప్పాను. ఆడవాళ్లతో ఎప్పుడూ ఇంతేనని విసుక్కున్నాడు. ఆడవాళ్లు కాదండీ అన్నాను. ఎన్‌స్లీ గారు ముక్కు చీదుకుంటూ పక్క గదిలోకి వెళ్లిపోయాడు.

నేను మిమ్మల్ని పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. ఒక్కసారీ ఏమీ అడగలేదు. మీ గురించి అన్నీ నేనే అనుకుని, అక్కకి రాసి, నా బల్ల దగ్గర కూర్చుని నమ్మేశాను. పాత కాగితాల్లో ఒక్క తేదీ తప్పుంటే పట్టుకుంటాను, మనిషిని పట్టుకోలేకపోయాను. సిగ్గుగా ఉంది బావా.

జూన్‌లో నాకు పది రోజులు సెలవు. పాటలు పాడను. దుంగలు మొయ్యగలను, దోనె కింద మట్టి తవ్వగలను. అక్క ఎలాగూ రమ్మంటుంది, ఆవిడ మాట లెక్కలోకి రాదు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. అక్కని ఏదో పని మీద అవతలికి పంపించి, ఒక్కరే ఉన్నప్పుడు ఆలోచించి చెప్పండి. మీ భార్య బలవంతం గానీ, భయం గానీ, నా మీద మొహమాటం గానీ లేకుండా, నేను రావడం మీకు ఇష్టమేనా?

వద్దంటే వద్దనే రాయండి. రెండోసారి అడగను.

మీ మరదలు
వెర్డీ